డిబై 'ధ్రువాణువులు': పాలిమర్ల దృష్టితో పునఃపరిశీలన

పీటర్ డిబై రచించిన 'ధ్రువాణువులు' అనే గ్రంథం 1929 లో వెలువడినది. రెండు వందల పుటలు కూడా లేని ఈ చిన్న పుస్తకం రసాయనశాస్త్రజ్ఞుల చేతికి ఒక కొత్త పరికరాన్ని ఇచ్చినది. రెండు లోహపు పలకల మధ్య ఒక పదార్థాన్ని ఉంచి, ఆ పలకలు అదనంగా ఎంత విద్యుదావేశాన్ని నిలుపుకొంటాయో కొలిస్తే, ఆ పదార్థపు అణువు తిన్నగా ఉన్నదా, వంగి ఉన్నదా అని చెప్పవచ్చునని ఇది నేర్పినది. 1936 లో డిబైకి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చినప్పుడు పేర్కొన్న కృషిలో ద్విధ్రువ భ్రామకాల పరిశోధన ముఖ్యమైనది.

ఇంత పేరు పొందిన గ్రంథాన్ని మళ్ళీ విమర్శకు తీసుకోవడానికి కారణం కలదు. ఇది చిన్న అణువులను దృష్టిలో పెట్టుకొని వ్రాసిన పుస్తకం. తరువాతి కాలంలో దీనిలోని సూత్రాన్ని వందలు, వేలు లంకెలు గల పాలిమర్ గొలుసులకు కూడా వర్తింపజేసినారు. "ఈ పాలిమర్ ద్విధ్రువ భ్రామకం ఇంత" అని పట్టికలలో ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకె దేనికి సాక్ష్యం? గొలుసు పొడవుకా, ఆకారానికా, లేక మరొకదానికా? ఇది తేల్చుకోకపోతే సరియైన కొలతనుండి తప్పు తీర్మానం చేసే ప్రమాదం ఉన్నది. కనుక గ్రంథంలో ఏ భాగం పాలిమర్ల పరీక్షకు నిలుస్తుందో, ఏది నిలువదో చూడడం అవసరం.

గ్రంథం చెప్పినదేమి?

ఒక అణువులో ధనావేశాల కేంద్రమూ ఋణావేశాల కేంద్రమూ ఒకచోట కలియకపోతే అది ద్విధ్రువం అవుతుంది. ఆవేశాన్ని ఆ రెండు కేంద్రాల మధ్య దూరంతో గుణిస్తే వచ్చేది ద్విధ్రువ భ్రామకం. దానికి పరిమాణమే కాక దిక్కు కూడా ఉన్నది కనుక దానిని ఒక బాణంగా భావించవచ్చును. దీని కొలమానానికి డిబై పేరే పెట్టినారు. ఒక ఎలక్ట్రాన్ ఆవేశమూ, దానికి సమానమైన ధనావేశమూ ఒక ఆంగ్‌స్ట్రామ్ దూరంలో, అనగా సెంటిమీటరులో పది కోట్లవ వంతు దూరంలో ఉంటే, ఆ భ్రామకం 4.8 డిబైలు. నీటి అణువు భ్రామకం 1.85 డిబైలు.

ఇటువంటి అణువులను విద్యుత్ క్షేత్రంలో పెడితే రెండు పనులు జరుగుతవి. మొదటిది, ప్రతి అణువులోను ఎలక్ట్రానులు కొద్దిగా జరుగుతవి. ఇది వేడిమిపై ఆధారపడదు. రెండవది, అణువుల బాణాలు క్షేత్రం వైపు తిరగడానికి ప్రయత్నిస్తవి. కాని ఉష్ణ చలనం వాటిని నిలువనీయదు. తిరునాళ్ళ రద్దీలో ఒకే వైపు మొగం పెట్టి నిలబడదలచిన మనిషి అవస్థ వంటిదే ఇది. సెంటిమీటరుకు 1,000 వోల్టుల క్షేత్రంలో 2 డిబైల భ్రామకం గల అణువుకు కలిగే శక్తి, గది వేడిమిలోని ఉష్ణ చలన శక్తిలో సుమారు 6,000 వంతులలో ఒక వంతు మాత్రమే. అందువల్ల బాణాలు క్షేత్రం వైపు మొగ్గేది బహుస్వల్పం. వేడిమి పెరిగిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది.

1912 లో డిబై చేసిన గొప్ప పని ఈ రెండింటినీ వేరుచేయడం. ఒక గ్రామ్ అణుభారానికి లెక్కగట్టిన ధ్రువణాన్ని నిలువునా, పరమ ఉష్ణోగ్రతకు విలోమాన్ని అడ్డంగా తీసుకొని గీత గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలు భ్రామకపు వర్గాన్ని తెలుపుతుంది. రేఖ ఎత్తు ఎలక్ట్రానుల జరుగుబాటును తెలుపుతుంది. కార్బన్ డయాక్సైడుకు ఈ రేఖకు వాలు లేదు. కనుక దానిలోని మూడు పరమాణువులు ఒకే సరళరేఖలో ఉన్నవి. నీటికి వాలు ఉన్నది. కనుక నీటి అణువు వంగినది. బెంజీన్ వలయంపై రెండు క్లోరిన్ పరమాణువులు ఎదురెదురుగా ఉంటే బాణాలు ఒకదాని నొకటి రద్దుచేసి భ్రామకం సున్న అవుతుంది. పక్కపక్కన ఉంటే సుమారు 2.5 డిబైలు వస్తుంది. ఇంత సులువైన కొలతనుండి ఇంత లోతైన సంగతి రాబట్టడమే ఈ గ్రంథం గొప్పదనం. వాదంలో దాపరికం లేదు. ఏది ఊహ, ఏది కొలత అన్నది పాఠకునికి స్పష్టంగా తెలుస్తుంది.

పొరుగును తొలగించే పద్ధతి

డిబై సూత్రం వాయువులకు చక్కగా సరిపోతుంది. వాయువులో ప్రతి అణువూ తక్కినవాటికి దూరంగా ఉన్నది. ద్రవంలో అట్లా కాదు. ఒక అణువుపై పనిచేసే క్షేత్రంలో పలకలు ఇచ్చినదే కాక, చుట్టూ ఉన్న అణువులు ఇచ్చిన భాగం కూడా ఉంటుంది. దీనిని లెక్కించడానికి డిబై లోరెంజ్ పద్ధతిని స్వీకరించినాడు. గ్రంథంలో మొట్టమొదట ప్రశ్నింపదగినది ఇదే. నీటికి ఈ పద్ధతిని యథాతథంగా వర్తింపజేస్తే, గది వేడిమికి ఎంతో పైననే నీటిలోని ద్విధ్రువాలన్నీ తమంతట తాము ఒకే వైపు తిరిగి స్థిరపడవలసి వస్తుంది. కుండలోని నీరు అట్లా ప్రవర్తించదని అందరికీ తెలిసినదే. 1936 లో లార్స్ ఆన్‌సాగర్, ఒక ద్విధ్రువం తన చుట్టూ తానే కల్పించుకొన్న క్షేత్రం తన్ను తిప్పలేదని చూపి ఈ లోపాన్ని చాలావరకు సవరించినాడు. 1939 లో జాన్ కిర్క్‌వుడ్ ఇంకొక అడుగు వేసి, పక్కపక్కనున్న ద్విధ్రువాల దిక్కులకు పరస్పరం సంబంధం ఉండవచ్చునని చెప్పి, ఆ సంబంధాన్ని ఒక గుణకంగా సూత్రంలో చేర్చినాడు.

ద్రవాల చిక్కును తప్పించుకోవడానికి వాడుకలోకి వచ్చినది విలీన ద్రావణ పద్ధతి. ధ్రువపదార్థాన్ని భ్రామకం లేని ద్రావణిలో, ఉదాహరణకు బెంజీన్‌లో, కొద్దికొద్దిగా కరిగిస్తారు. బెంజీన్ రోధక స్థిరాంకం గది వేడిమిలో సుమారు 2.28. అంటే పలకల మధ్య శూన్యానికి బదులు బెంజీన్ ఉంటే పలకలు 2.28 రెట్లు ఆవేశాన్ని నిలుపుకొంటవి. కరిగించిన పదార్థం దీనిని ఎంత పెంచుతుందో వివిధ గాఢతల దగ్గర కొలిచి, గాఢత సున్నకు చేరినప్పుడు ఏమవుతుందో రేఖను పొడిగించి తెలుసుకొంటారు. ద్రావితపు అణువులు ఒకదానికొకటి దూరమై వాయువులో వలె ఒంటరివి అవుతవని దీనిలోని భావం. ఈ పద్ధతి ఉద్దేశం ఒక్కమాటలో చెప్పాలంటే, పొరుగు అణువు ప్రభావాన్ని కడిగివేయడం.

సరిగా ఇక్కడనే పాలిమర్ అడ్డువస్తుంది. ద్రావణాన్ని ఎంత పలుచన చేసినా ఒక గొలుసునుండి మరొక గొలుసు దూరమవుతుంది కాని, ఒకే గొలుసులో పక్కనున్న లంకె దూరం కాదు. అది రసాయన బంధంతో కట్టుబడి ఉన్నది. పొరుగును తొలగించడానికి పుట్టిన పద్ధతి, తొలగింపరాని పొరుగు గల అణువును ఎదుర్కొన్నప్పుడు ఏమి కొలుస్తుంది? ఈ ప్రశ్నకు 1929 గ్రంథంలో సమాధానం లేదు. ఇది నింద కాదు. పాలిమర్లు నిజంగా పొడవైన అణువులని స్టౌడింగర్ 1920 లో ప్రతిపాదించినాడు. గ్రంథం వెలువడేనాటికి దానిపై వివాదం ఇంకా ముగియలేదు.

గట్టి అణువు అనే ఊహ

పాలిమర్ల మాట అటుంచి, గ్రంథంలోని మూల చిత్రంలోనే ఒక పరిమితి ఉన్నది. డిబై అణువు గట్టి వస్తువు. దానికి ఒకే బాణం ఉన్నది. వేడిమి మారినా ఆ బాణం పొడవు మారదు. వాలునుండి భ్రామకాన్ని రాబట్టే పద్ధతి అంతా దీనిపైననే నిలిచి ఉన్నది.

ఈ ఊహ అన్ని అణువులకు చెల్లదు. బెంజీన్ వలయంపై రెండు క్లోరిన్లు ఎదురెదురుగా ఉంటే భ్రామకం సున్న. కాని క్లోరిన్లకు బదులు రెండు మిథాక్సీ సముదాయాలు ఎదురెదురుగా ఉంటే సుమారు 1.7 డిబైలు వస్తుంది. ఆ సముదాయాలు తమ బంధాల చుట్టూ తిరుగగలవు. వాటి బాణాలు వలయపు అక్షానికి పక్కకు వంగి ఉన్నవి. అందువల్ల అన్ని స్థితులలోను అవి రద్దుకావు. డైక్లోరోఈథేన్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. దీనిలో రెండు క్లోరిన్లు వ్యతిరేక దిక్కులలో ఉన్న రూపానికి భ్రామకం లేదు. ఒక పక్కకు తిరిగిన రూపానికి ఉన్నది. వేడిమి పెరిగితే రెండవ రూపపు పాలు పెరుగుతుంది. వాయుస్థితిలో దీని సగటు భ్రామకం గది వేడిమి దగ్గర సుమారు 1.1 డిబైలు. 270 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర సుమారు 1.5 డిబైలు. బాణం పొడవే వేడిమితో మారుతున్నప్పుడు, వాలునుండి ఒక స్థిరమైన భ్రామకాన్ని రాబట్టడం అర్థంలేని పని అవుతుంది.

పాలిమర్ గొలుసు ఇటువంటి వందలాది తిరుగుళ్ళ సముదాయం. కనుక గ్రంథంలో అత్యంత మనోహరమైన భాగం, అనగా వాలు పద్ధతి, పాలిమర్లకు నేరుగా పనికిరాదు. మిగిలిన మార్గం ఒకటే. వక్రీభవన గుణకంనుండి ఎలక్ట్రానుల ధ్రువణాన్ని లెక్కించి మొత్తంనుండి తీసివేయాలి. పరమాణువుల జరుగుబాటుకు కొంత అదనంగా అంచనా వేయాలి. ఈ అంచనాలో కొంత ఊహ తప్పదు. భ్రామకం పెద్దదైతే దానివల్ల నష్టం లేదు. చిన్నదైతే తేలిన ఫలితమే అనుమానాస్పదం అవుతుంది.

గొలుసులో బాణాల లెక్క

గొలుసులో ప్రతి లంకెకు ఒక బాణం ఉన్నదనుకొందురు. అన్ని బాణాలూ ఒకే దిక్కున ఉంటే మొత్తం భ్రామకం లంకెల సంఖ్యకు అనుపాతంలో పెరుగుతుంది. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేక తలా ఒక దిక్కున ఉంటే అట్లా పెరగదు. అడుగడుగుకూ దిక్కు మార్చుకొంటూ 400 అడుగులు వేసినవాడు బయలుదేరినచోటినుండి సాధారణంగా సుమారు 20 అడుగుల దూరంలోనే తేలుతాడు. బాణాల మొత్తం కూడా అంతే. దాని వర్గాల సగటు లంకెల సంఖ్యకు అనుపాతంలో ఉంటుంది. భ్రామకం మాత్రం లంకెల సంఖ్య వర్గమూలాన్ని అనుసరిస్తుంది.

దీనినుండి ఒక ముఖ్య ఫలితం వస్తుంది. ఒక గ్రాము పాలిమర్‌లో 100 లంకెల గొలుసులున్నవనుకొందురు. వాటికి బదులు 10,000 లంకెల గొలుసులు తీసుకొంటే గొలుసుల సంఖ్య 100 వంతులకు తగ్గుతుంది. ఒక్కొక్క గొలుసు భ్రామకపు వర్గం 100 రెట్లు పెరుగుతుంది. రెండూ సరికి సరి. ద్రావణపు రోధక స్థిరాంకంలో తేడా కనిపించదు. అనగా ఇటువంటి పాలిమర్ విషయంలో కొలత గొలుసు పొడవును గురించి మౌనంగా ఉంటుంది. "ఈ పాలిమర్ భ్రామకం 40 డిబైలు" అని చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. గొలుసు ఎంత పొడవో చెప్పక ఆ అంకెకు అర్థం లేదు. చెప్పిన తరువాత ఆ అంకెలో కొత్త సంగతి మిగిలేది ఒకే ఒక్క గుణకంలో. అది, కొలిచిన వర్గాల సగటును, లంకెలు పరస్పర సంబంధం లేక ఉంటే రావలసిన విలువతో భాగిస్తే వచ్చేది. ఈ సహసంబంధ గుణకం 1 అయితే పొరుగు లంకెల బాణాలకు సంబంధం లేదు. 1 కంటె తక్కువైతే అవి ఒకదాని నొకటి కొంత రద్దుచేస్తున్నవి. ఎక్కువైతే ఒకదానికొకటి తోడ్పడుతున్నవి.

ఈ లెక్కకు ఒక నిజమైన ఉదాహరణ ఇవ్వవచ్చును. ఇప్పుడు నీటి గొట్టాలుగా ఊరూరా కనిపించే పాలివినైల్ క్లోరైడ్ గొలుసులో ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్‌కు క్లోరిన్ ఉన్నది. బంధాల మధ్య కోణం సుమారు 109.5 డిగ్రీలు. ఆ బంధాల చుట్టూ భాగాలు ఏ అడ్డూ లేక తిరుగుతవని ఊహిస్తే, ఒక బాణానికీ పక్క లంకె బాణానికీ మధ్య కోణపు కోసైన్ సగటున ఋణ 1/27 అవుతుంది. తరువాతి లంకెలలో ఇది ఒక్కొక్క లంకెకు తొమ్మిదో వంతుకు తగ్గుతూ పోతుంది. పొడవైన గొలుసులో ఇరువైపులవాటిని అన్నిటినీ కూడితే, 1 నుండి 1/12 పోయి 11/12 మిగులుతుంది. స్వేచ్ఛగా తిరిగే గొలుసులో కూడా పొరుగు ప్రభావం పూర్తిగా మాయం కాదన్నమాట. నిజమైన గొలుసులో భాగాలు అంత స్వేచ్ఛగా తిరుగవు. పెద్ద పరమాణువులు ఒకదాని నొకటి ఒరుసుకోవడంవల్ల కొన్ని స్థితులే అనుకూలమవుతవి. ఆ అనుకూలతలు ఏవన్నదే 11/12 నుండి కొలత ఎంత జరిగినదన్న దానిలో దాగి ఉన్నది.

రేమండ్ ఫూస్, కిర్క్‌వుడ్‌లు 1941 లో పాలివినైల్ క్లోరైడును డైఫినైల్‌తో కలిపిన మిశ్రమాల విషయంలో ఈ దారి తొక్కినారు. పదేండ్ల తరువాత, 1951 లో, ఎఫ్. బ్యూకేతో కలసి డిబైయే ఈ సమస్యకు తిరిగి వచ్చినాడు. అప్పటికి ఆయనకు 67 ఏండ్లు. ధ్రువపాలిమర్ల భ్రామకాలకూ వాటి నిర్మాణానికీ గల సంబంధాన్ని పరిశీలించిన ఆ వ్యాసంలో, లంకెల తిరుగుబాటుకు కలిగే నిరోధాన్ని లెక్కలోకి తీసుకొన్నారు. గట్టి అణువు బొమ్మను గీసినవాడే దానిని వదలుకొన్నాడు. 1929 గ్రంథానికి మొదటి గట్టి విమర్శకులలో గ్రంథకర్త కూడా ఒకడని చెప్పుట సబబు. ఆ తరువాత లెనిన్‌గ్రాడ్‌లో వోల్కెన్‌స్టైన్, బిర్‌స్టైన్, టిట్సిన్‌లు, అమెరికాలో పాల్ ఫ్లోరీ, ఒక్కొక్క బంధం కొన్ని నిర్ణీత స్థితులలోనే నిలుస్తుందని భావించి ఈ గుణకాన్ని లెక్కగట్టే గణితాన్ని పెంపొందించినారు. 1969 లో వెలువడిన ఫ్లోరీ గ్రంథం దీనికి ప్రామాణికం అయినది.

సాక్ష్యానికి హద్దులు

ఇంతవరకు వచ్చిన తరువాత ఒక అతిశయోక్తిని ఖండించక తప్పదు. ద్విధ్రువ భ్రామకం పాలిమర్ గొలుసు ఆకారాన్ని చెబుతుందని తరచుగా వ్రాస్తారు. ఆకారమంటే రెండు అర్థాలున్నవి. మూడు నాలుగు లంకెల మేర గొలుసు ఎట్లా మెలి తిరిగినదన్నది ఒకటి. మొత్తం గొలుసు చుట్ట ఎంత విశాలంగా పరచుకొన్నదన్నది రెండవది. మొదటిదానికి భ్రామకం మంచి సాక్షి. రెండవదానికి సాధారణంగా సాక్షి కాదు.

మంచి ద్రావణిలో పాలిమర్ చుట్ట ఉబ్బుతుంది. గొలుసులోని దూరపు భాగాలు ఒకేచోట ఇమడలేక ఒకదాని నొకటి నెట్టుకోవడమే దీనికి కారణం. స్నిగ్ధతను కొలిచినా, కాంతి పరిక్షేపణాన్ని కొలిచినా ఈ ఉబ్బు తెలుస్తుంది. కాని 1971 లో నగాయ్, ఇషికావాలు ఒక విశేషం చూపినారు. గొలుసు కొసనుండి కొసకు గీసిన రేఖకూ, మొత్తం భ్రామకానికీ సగటున సంబంధం లేనప్పుడు, ఈ ఉబ్బు భ్రామకాన్ని మార్చదు. చుట్ట పెద్దదైనా అంకె అదే. కనుక రెండు ద్రావణులలో ఒకే భ్రామకం వచ్చినదని, చుట్ట పరిమాణం కూడా ఒకటేనని తీర్మానించడం పొరపాటు. అదేవిధంగా, భ్రామకం మారితే చుట్ట ఉబ్బినదని చెప్పడమూ పొరపాటే. ద్రావణి ప్రభావంవల్ల పక్కపక్క బంధాల స్థితుల పాళ్ళు మారి ఉండవచ్చును.

వాల్టర్ స్టాక్‌మేయర్ 1967 లో చేసిన వర్గీకరణ ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. గొలుసు వెంట ఒకే దిక్కుగా సాగే బాణాలు మొదటి తరగతి. గొలుసుకు అడ్డంగా గట్టిగా అతుక్కొన్నవి రెండవ తరగతి. పాలివినైల్ క్లోరైడ్ దీనికి దగ్గర ఉదాహరణ. తమంతట తాము తిరుగగల పార్శ్వ శాఖలలో ఉన్నవి మూడవ తరగతి. పాలిమిథైల్ మెథాక్రిలేట్ ఇందుకు ఉదాహరణ. మొదటి తరగతి గొలుసులో బాణాల మొత్తం కొసనుండి కొసకు గల దూరాన్నే అనుసరిస్తుంది. అక్కడ మాత్రం భ్రామకం చుట్ట విశాలతకు నిజమైన సాక్షి. సహజ రబ్బరులోని పాలిఐసోప్రీన్ గొలుసుకు అటువంటి బాణంలో ఒక భాగం గొలుసు వెంట, ఒక భాగం అడ్డంగా ఉన్నది. కనుక ఏ తరగతి పాలిమరో చెప్పక ఇచ్చిన భ్రామకం, వాది ప్రతివాదుల పేర్లు లేని తీర్పు వంటిది.

ఈ తేడా ఎంత పెద్దదో పాలిబెంజైల్ గ్లుటమేట్ అనే కృత్రిమ పాలిపెప్టైడు చూపుతుంది. తగిన ద్రావణిలో ఇది చుట్టుకు 3.6 లంకెల చొప్పున మరచుట్టుగా తిరిగి నిటారైన కడ్డీ అవుతుంది. లంకెల బాణాలు చాలావరకు కడ్డీ పొడవున ఒకే వైపు చూస్తవి. అక్షం వెంట లంకె ఒక్కింటికి సుమారు 3.4 డిబైలు. 400 లంకెలు ఉంటే మొత్తం సుమారు 1,360 డిబైలు. అవే 400 బాణాలు పరస్పర సంబంధం లేక చెదరి ఉంటే 68 డిబైలు మాత్రమే వచ్చేవి. డైక్లోరోఎసిటిక్ ఆమ్లం తగినంత కలిపితే మరచుట్టు విడిపోయి చిక్కు చుట్ట అవుతుంది. అప్పుడు భ్రామకం పడిపోతుంది. రసాయనికంగా గొలుసు అదే. లంకెలు అవే. మారినది పొరుగుతో సంబంధం. డిబై పద్ధతి కొలిచినది సరిగా దానినే.

నమూనా అణువు ఎంపిక

ప్రయోగశాలలో సామాన్యంగా జరిగే మరొక పొరపాటు చెప్పదగినది. సహసంబంధ గుణకం లెక్కించాలంటే ఒంటరి లంకె భ్రామకం ఎంతో తెలియాలి. దానిని లంకెను పోలిన ఒక చిన్న అణువునుండి తీసుకొంటారు. పాలి పారా-క్లోరోస్టైరీన్‌కు నమూనాగా ఏది తీసుకోవాలి? క్లోరోబెంజీన్‌కు బెంజీన్ ద్రావణంలో సుమారు 1.6 డిబైలు. పారా-క్లోరోటొలుయీన్‌కు సుమారు 1.9. పాలిమర్‌లో వలయానికి క్లోరిన్ ఎదురుగా కార్బన్ గొలుసు ఉన్నది కనుక రెండవదే సముచితం. పొరపాటున మొదటిది తీసుకొంటే ఏమవుతుంది? గుణకంలో భ్రామకపు వర్గం ఉన్నది కనుక ఫలితం సుమారు 1.4 రెట్లు తేడా వస్తుంది. స్వేచ్ఛాభ్రమణానికీ నిరోధిత భ్రమణానికీ మధ్యనున్న తేడా కంటె ఇది పెద్దది కావచ్చును. కొలత ఎంత జాగ్రత్తగా చేసినా, నమూనా ఎంపికలో జరిగిన తప్పు మొత్తం తీర్మానాన్ని తలక్రిందులు చేస్తుంది. ద్రావణంలో కొలిచిన పాలిమర్‌ను వాయువులో కొలిచిన నమూనాతో పోల్చినా ఇటువంటి చిక్కే వస్తుంది.

కాలంతో కూడిన కొలత

1929 గ్రంథంలో రేడియో పౌనఃపున్యాల దగ్గర రోధక స్థిరాంకం ఎట్లా పడిపోతుందో వివరించే అధ్యాయం ఒకటి ఉన్నది. క్షేత్రం దిక్కు వేగంగా మారుతుంటే అణువు తిరగడానికి వ్యవధి చాలదు. తిరగడానికి పట్టే సడలింపు కాలాన్ని డిబై జిగట ద్రవంలో తిరిగే గోళంగా భావించి లెక్కించినాడు. గోళపు ఘనపరిమాణం పెరిగితే ఈ కాలం పెరుగుతుంది. ఈ బొమ్మనే పాలిమర్‌కు వర్తింపజేస్తే పొడవైన గొలుసు బహు నెమ్మదిగా తిరగాలి. వినైల్ పాలిమర్ల విలీన ద్రావణాలలో అట్లా కనిపించదు. గొలుసు తగినంత పొడవైన తరువాత సడలింపు కాలం గొలుసు పొడవుపై ఆధారపడడం మానివేస్తుంది. గొలుసంతా తిరగవలసిన పని లేదు. కొన్ని లంకెలు మెలిక తిరిగితే ఆ లంకెల బాణాలు దిక్కు మార్చుకొంటవి.

అట్లని గోళపు బొమ్మను పారవేయనవసరం లేదు. మరచుట్టు కడ్డీవంటి గట్టి అణువు మొత్తంగానే తిరుగుతుంది. అయితే గోళానికి బదులు కడ్డీ లెక్క వేసుకోవాలి. స్టాక్‌మేయర్ మొదటి తరగతి గొలుసులలో మొత్తం గొలుసు కదలిక కూడా నెమ్మదైన సడలింపుగా వేరుగా కనిపిస్తుంది. సహజ రబ్బరు గొలుసులో నెమ్మదైనదీ, వేగమైనదీ రెండూ కనిపిస్తవి. నెమ్మదైనది గొలుసు పొడవును బట్టి మారుతుంది. వేగమైనది మారదు. స్థిర క్షేత్రంలో చేసిన కొలత చెప్పలేని గొలుసు పొడవును, ఈ రకం గొలుసులలో కాలంతో కూడిన కొలత చెబుతున్నది. గ్రంథంలో భ్రామకాల అధ్యాయాల వెనుక మరుగుపడిన ఈ అధ్యాయమే పాలిమర్ల విషయంలో ఎక్కువ ఫలవంతమైనదని చెప్పవలసి ఉన్నది.

తీర్పు

ఇన్ని సవరణలు చేసిన తరువాత గ్రంథంలో మిగిలేది ఏమి? లోరెంజ్ క్షేత్రం ద్రవాలకు నిలువదు. వాలు పద్ధతి మెలికలు తిరిగే అణువులకు నిలువదు. గోళపు బొమ్మ చిక్కు చుట్టకు నిలువదు. నిలిచేది వీటన్నిటికంటె ముఖ్యమైన భావం. ఉష్ణ చలనానికీ విద్యుత్ క్షేత్రానికీ జరిగే పోరులో కొలతకు అందేది భ్రామకపు వర్గాల సగటు అన్నది ఆ భావం. గట్టి అణువుకు ఆ సగటు ఒకే బాణపు వర్గం. గొలుసుకు అది బాణాలూ, వాటి పరస్పర సంబంధాలూ కలిసిన మొత్తం. సూత్రం ఒకటే. చదవవలసిన తీరు మారినది. పొరుగును కడిగివేయడానికి వచ్చిన పద్ధతి పాలిమర్ విషయంలో పొరుగును కొలిచే పద్ధతి అయినది.

కనుక ఈ గ్రంథాన్ని పాతదని పక్కన పెట్టడమూ తగదు, దానిలోని సూత్రంలో అంకెలు వేసి వచ్చినదే సత్యమనుకోవడమూ తగదు. భౌతిక రసాయనం చదివే విద్యార్థి మొదట దీనిని చదివి, తరువాత ఆన్‌సాగర్, కిర్క్‌వుడ్‌ల సవరణలను, ఆ తరువాత డిబై, బ్యూకేల 1951 వ్యాసాన్ని, ఫ్లోరీ గ్రంథాన్ని వరుసగా చదివితే, ఒక భావం ఎట్లా పెరిగి తన హద్దులను తానే గుర్తించినదో తెలుసుకొంటాడు. పట్టికలో ఒక పాలిమర్ భ్రామకం కనిపించినప్పుడు అతడు మూడు ప్రశ్నలు వేయాలి. గొలుసులో బాణాలు ఏ దిక్కున అతుక్కొని ఉన్నవి? ఒంటరి లంకె భ్రామకాన్ని ఏ నమూనానుండి, ఏ ద్రావణిలో తీసుకొన్నారు? అంకె మొత్తం గొలుసుదా, లంకె ఒక్కింటికా? ఈ మూడింటికీ సమాధానం ఉంటే ఆ అంకె ఉపయోగకరమైన సాక్ష్యం. లేకపోతే దానిపై గొలుసు ఆకారాన్ని గురించి ఏ వాదమూ నిలబెట్టరాదు.